శ్రీలంకలో పెట్రోలు అయిపోవడానికి అసలు బాధ్యులు ఎవరు?

హరిత_ఆర్
2022లో శ్రీలంకలో పెట్రోలు, డీజిలు దొరక్క జనం బంకుల ముందే రాత్రిళ్లు గడిపిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ మార్చిలో 70 ఏళ్లు దాటిన ఇద్దరు పెద్దవాళ్లు క్యూలోనే ప్రాణాలు వదిలారు, ఆ వెంటనే బంకుల దగ్గర సైన్యాన్ని నిలబెట్టాల్సొచ్చింది. నేను దీని గురించి ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. చైనా అంటారు, కరోనా అంటారు, యుక్రెయిన్ యుద్ధం అంటారు, అప్పట్లో దేశాన్ని ఏలిన రాజపక్స కుటుంబం అంటారు. 2 కోట్ల 20 లక్షల మంది ఉన్న దేశంలో చమురు అయిపోయిందంటే ఎక్కడో ఎవరో ఒక నిర్ణయం తీసుకునే ఉంటారు కదా. ఆ నిర్ణయం ఏది, తీసుకున్నది ఎవరు? తెలిసినవాళ్లు కారణాలతో సహా చెప్పండి. అందరిదీ తప్పే అని తేల్చేయకండి దయచేసి.

కిరణ్_బాబు
చైనా. ఇందులో చర్చించడానికి ఏముంది? తీర్చలేరని తెలిసీ అప్పులిచ్చారు, హంబన్‌టోట రేవు కట్టించారు, 2017లో దాన్నే 99 ఏళ్లకి లీజుకి రాయించుకున్నారు. అప్పుల్లో ముంచేశాక ఇక పెట్రోలుకి డబ్బులెక్కడివి.

శ్రీనివాస్_వి
కరోనా, యుద్ధం. రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చిపడితే అంత చిన్న దేశం ఏం తట్టుకుంటుంది? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

లెక్కలమాస్టారు
కిరణ్ బాబూ, హంబన్‌టోట దండగ ఖర్చే, కాదనను. కానీ పెట్రోలు ఎందుకు అయిపోయిందన్న ప్రశ్నకి అది జవాబు కాదు. శ్రీలంక ప్రభుత్వం బయటి దేశాలకి పడ్డ బాకీలో చైనా వాటా, అక్కడి ప్రభుత్వ సంస్థలు తీసుకున్నవి కూడా కలిపితే, అప్పటికి ఐదో వంతు దరిదాపుల్లో ఉండేది. అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన డాలర్ బాండ్ల (అంటే అప్పు పత్రాల) వాటా మూడో వంతు పైమాటే. ఈ బాండ్లతో చిక్కేమిటంటే తేదీ వచ్చిందంటే అసలు మొత్తం ఒక్కసారే కట్టాలి, వాయిదాలుండవు, బతిమాలుకోవడానికి ఎదురుగా ఒక మనిషీ ఉండడు.

2022 జనవరి 18న 50 కోట్ల డాలర్ల బాండు గడువు వచ్చింది, కట్టేశారు. అప్పటికి పరిస్థితి ఎలా ఉందో చూడండి. సపుగస్కందలో ఉన్నది దేశం మొత్తానికి ఒకే ఒక్క రిఫైనరీ, 1969 నుంచి నడుస్తోంది. క్రూడ్ (ముడి చమురు) కొనడానికి డాలర్లు లేక అది 2021 నవంబరులోనే మూతపడింది. రిఫైనరీ ఆగిన రెండు నెలలకి బాండ్లవాళ్లకి 50 కోట్లు చెల్లించారు. ఆ దేశం నెలకి పెట్రోలియం దిగుమతులకి పెట్టే ఖర్చు అటూ ఇటూగా అంతే. అంటే ఒక నెల చమురు, మందులు, గ్యాస్ కంటే బాండ్లవాళ్ల దగ్గర మాట పోకుండా ఉండటమే ముఖ్యం అనుకున్నారు. తీరా ఏప్రిల్ 12న ఎలాగూ చేతులెత్తేశారు, ఇక విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించారు. ఆ ప్రకటన జనవరికి ముందే చేసి ఉంటే ఆ 50 కోట్లు చేతిలో ఉండేవి. ఇది చైనా తీసుకున్న నిర్ణయం కాదు, కొలంబోలో కూర్చున్నవాళ్లు తీసుకున్నది.

నావికుడు77
మాస్టారు చెప్పినదానికి నావైపు నుంచి కొంచెం కలుపుతాను. నేను చాలాకాలం ప్రొడక్ట్ ట్యాంకర్ల (పెట్రోలు, డీజిలు మోసే ఓడల) మీద ఇంజినీరుగా చేశాను. బయటివాళ్లకి తెలియనిది ఏంటంటే, చమురు ఓడ రేవు దగ్గరికి వచ్చినంత మాత్రాన చమురు వచ్చినట్టు కాదు. కొనేవాళ్ల బ్యాంకు ఎల్‌సీ (డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవాలి, ఆ ఎల్‌సీని అమ్మేవాళ్ల బ్యాంకు నమ్మాలి. నమ్మకం పోయిందంటే ఎల్‌సీ కాగితం ఎవరూ తీసుకోరు, ముందు డబ్బు పంపితేనే పైపు కలుపుతాం అంటారు. డబ్బు వచ్చేదాకా ఓడ లంగరేసుకుని అలాగే ఉంటుంది, ఆలస్యానికి రోజుకింత అని డెమరేజ్ రుసుము పడుతూనే ఉంటుంది. ఆ డెమరేజ్ కూడా డాలర్లలోనే కట్టాలి, అదే అన్నిటికంటే కడుపు మండే విషయం.

2022 మే నెలలో అక్కడి ఇంధన మంత్రి కంచన విజేశేఖర పార్లమెంటులోనే చెప్పారు, మార్చి 28 నుంచి ఒక పెట్రోలు ఓడ వాళ్ల జలాల్లోనే లంగరేసుకుని ఉందని, కట్టడానికి డాలర్లు లేవని. అదే ఓడ జనవరిలో తెచ్చిన సరుకుకే 5.3 కోట్ల డాలర్లు బాకీ ఉన్నారట, ఆ పాతబాకీ కూడా కడితేనే దింపుతామన్నారు. తర్వాత తెప్పించిన రష్యా క్రూడ్ కూడా నెలకి పైగా కొలంబో బయటే నిలబడింది. ఒడ్డున నిలబడ్డవాడికి ఓడ కనిపిస్తూనే ఉంది, వెనక్కి తిరిగితే కిలోమీటర్ల కొద్దీ క్యూ. కాబట్టి దీన్ని చమురు కొరత అనడమే నాకు నచ్చదు. 1973లో అరబ్ దేశాలు అమెరికాకి ఎగుమతులు ఆపేసినట్టు శ్రీలంకకి ఎవరూ ఏదీ ఆపలేదు. అమ్మేవాళ్లున్నారు, సరుకుంది, ఓడ కూడా వచ్చింది. డాలర్లు ఎవరు ఖాళీ చేశారో వాళ్లే బాధ్యులు.

హరిత_ఆర్
మరి డాలర్లు ఎవరు ఖాళీ చేశారు? శ్రీనివాస్ గారన్నట్టు కరోనా వల్లే టూరిస్టులు రావడం ఆగిపోయింది కదా?

శ్రీనివాస్_వి
అదే నేననేది. 2018లో 23 లక్షల మంది టూరిస్టులు వచ్చారు, 440 కోట్ల డాలర్ల దాకా ఆదాయం. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ రోజు చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలాయి, 260 మందికి పైగా చనిపోయారు. అక్కడితోనే టూరిజం దెబ్బతింది. తర్వాత కరోనా. 2021లో మొత్తం ఏడాదికి వచ్చినవాళ్లు 2 లక్షల మంది కూడా లేరు. సరిగ్గా అప్పుడే యుద్ధం మొదలై బ్యారెల్ ధర 120 డాలర్లు దాటింది. వీటిలో ఏ ఒక్కటీ శ్రీలంక చేతిలో లేదు. మాస్టారు బాండు గురించి చెప్పారు, బాగుంది, కానీ వచ్చే డబ్బే ఆగిపోయినవాడు ఏ అప్పు ముందు కట్టాడు, ఏది వెనక కట్టాడు అని లెక్కలు తీయడం న్యాయం కాదేమో అని నా అభిప్రాయం.

లెక్కలమాస్టారు
శ్రీనివాస్ గారూ, మీరు చెప్పిన అంకెలన్నీ సరైనవే. కానీ టూరిస్టుల మీద బతికే దేశాలు ఇంకా ఉన్నాయి, కరోనా అందరికీ వచ్చింది, 120 డాలర్ల చమురు అందరూ కొన్నారు. దివాళా మాత్రం చాలా కొద్దిమందే తీశారు. తుపాను వచ్చినప్పుడు ఏ ఇంటి పైకప్పు ఎగిరిందో చూసి, దాని మేకులు ముందే ఎవరు పీకారో అడగాలి.

మేకులు పీకింది 2019 చివర్లో. నవంబరు 16న ఎన్నిక జరిగి గోటబయ రాజపక్స అధ్యక్షుడయ్యారు. డిసెంబరు 1 నుంచి వ్యాట్ 15 శాతం నుంచి 8 శాతానికి దించారు. 2 శాతం ఉన్న నేషన్ బిల్డింగ్ ట్యాక్స్ ఎత్తేశారు. జీతాల్లోంచి కోసుకునే పేయీ పన్ను తీసేశారు. ఎన్నికల్లో ఇచ్చిన మాట అది, నిలబెట్టుకున్నారు. జీడీపీలో 12 శాతం పైన ఉండే ప్రభుత్వ ఆదాయం ఒక్క ఏడాదిలో 9 శాతం దగ్గరికి పడిపోయింది. అసలే తక్కువ పన్ను వసూలయ్యే దేశం అది. ఇది కరోనా రాకముందు తీసుకున్న నిర్ణయం అని గమనించండి. కరోనా వచ్చాకైనా వెనక్కి తీసుకోవచ్చు, తీసుకోలేదు. 2020లోనే, అప్పు తీర్చే స్తోమతని అంచనా వేసే రేటింగ్ సంస్థలు దేశాన్ని అట్టడుగుకి దించేశాయి, దాంతో కొత్త బాండ్లు అమ్మి పాత బాండ్లు తీర్చే దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది చేతిలో ఉన్న నిల్వలు. 2019 చివర 760 కోట్ల డాలర్లు. 2021 చివర 310 కోట్లు, అందులోనూ 150 కోట్లు చైనాతో చేసుకున్న కరెన్సీ మార్పిడి ఒప్పందం, అది అవసరానికి వాడుకునే వీల్లేనిది. 2022 మే మొదట్లో ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పింది, చేతికందే నిల్వలు 5 కోట్ల డాలర్లు కూడా లేవని. ఓ ట్యాంకరు సరుకు ఖరీదు అంత.

రెండేళ్లకి పైగా అవి కరిగిపోవడం చూస్తూ కూర్చున్నారు. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) దగ్గరికి వెళ్దామని ఎంతమంది ఆర్థికవేత్తలు మొత్తుకున్నా వినలేదు. వెళ్తున్నామని 2022 మార్చిలో గానీ ప్రకటించలేదు.

పల్లవి
మాస్టారూ, పన్నులు రూపాయల్లో వస్తాయి కదా? రూపాయలు తగ్గితే డాలర్లెలా అయిపోతాయి? ఇది నాకెప్పుడూ అర్థం కాదు.

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న పల్లవి గారూ. పన్నులు తగ్గినా ఖర్చులు తగ్గలేదు. ఆ ఖాళీని సెంట్రల్ బ్యాంకు కొత్త రూపాయలతో నింపింది, అంటే ప్రభుత్వం అప్పు కోసం అమ్మే బిల్లులు (ట్రెజరీ బిల్లులు) తనే కొనేసింది. 2019 చివర సెంట్రల్ బ్యాంకు దగ్గర అలాంటివి 10 వేల కోట్ల శ్రీలంక రూపాయలలోపే, 2021 చివరికి లక్ష కోట్లు దాటిపోయాయి. ఆ కొత్త రూపాయలు జనం చేతుల్లోకి వచ్చి సరుకులు కొంటాయి, అందులో చాలా భాగం దిగుమతులే, దిగుమతికి డాలరు కావాలి. మామూలుగా అయితే అప్పుడు రూపాయి విలువ పడిపోయి దిగుమతులు ఖరీదై తగ్గుతాయి. అది జరగనివ్వకుండా డాలరు 200 నుంచి 203 రూపాయల మధ్యే ఉండాలని పట్టుబట్టి కూర్చున్నారు, దానికోసం ఉన్న డాలర్లు అమ్ముతూ పోయారు. 2022 మార్చి 7న వదిలేశాక రెండు నెలల్లో 360 దాటింది.

ఇంకో దెబ్బ, నా లెక్కలో ఇదే పెద్దది. గల్ఫ్‌లో పనిచేసే శ్రీలంక వాళ్లకి బ్యాంకులో పంపితే 203, బయట దళారి దగ్గర అంతకంటే ఎంతో ఎక్కువ. ఎవరు బ్యాంకులో వేస్తారు? 2020లో 710 కోట్ల డాలర్లు పంపినవాళ్లు 2021లో పంపింది 550 కోట్లు. వాళ్లు పంపడం మానేయలేదు, బ్యాంకు దారి మానేశారు. ఒక్క ఏడాదికి 160 కోట్ల డాలర్లు, మూడు నెలల చమురు.

కిరణ్_బాబు
అయితే ఆ గల్ఫ్ వాళ్లది కూడా తప్పే కదా. దేశం కష్టంలో ఉంటే హవాలాలో పంపుతారా. అలాగే క్యాన్లలో దాచుకున్నవాళ్లు, బ్లాకులో అమ్ముకున్నవాళ్లు. జనం కూడా తక్కువేం తినలేదు. తిలాపాపం తలా పిడికెడు.

వనజ
కిరణ్ గారూ, ఈ మాట చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను అప్పుడు కొలంబోలోనే ఉన్నాను, ఒక బట్టల ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్ చూసేదాన్ని. నా కింద పనిచేసే అమ్మాయిల్లో ఒకామె భర్త త్రీవీలర్ నడిపేవాడు. ఆయన బండి ఇంజిన్ ఆన్ చేయకుండా చేత్తో తోసుకుంటూ క్యూలో కదిలేవాడు, ఎందుకంటే ఆన్ చేస్తే ఉన్న అరలీటరు కూడా ఆవిరైపోతుంది. రాత్రి సీటు మీదే ముడుచుకుని పడుకునేవాడు, పొద్దున ఈమె డ్యూటీకి వెళ్తూ క్యూ దగ్గర అన్నం పొట్లం ఇచ్చి వెళ్లేది. మధ్యలో ఇంటికి వెళ్లొస్తే వరస పోతుంది. తన వంతు వచ్చేసరికి స్టాకు అయిపోయిందని బోర్డు పెట్టేవాళ్లు. మళ్లీ అదే జాగాలో తర్వాతి బౌజర్ (చమురు లారీ) కోసం. సంపాదించే బండి క్యూలో ఉంటే ఇల్లెలా గడుస్తుంది? అలాంటివాడు ఓ ఐదు లీటర్లు క్యాన్‌లో దాచుకుంటే అతన్ని దోషి అంటారా?

భయం పుట్టించింది ఎవరు? ఈ నెల ఓడ వస్తుంది అని చెప్పి రాకపోతే, రేపు లైన్లో నిలబడొద్దు అని మంత్రే చెప్తే, దొరికిన రోజు దాచుకోక ఏం చేస్తారు? గల్ఫ్‌లో ఇంటిపని చేసే ఆడమనిషి పదేసి రూపాయలు ఎక్కువ వచ్చే చోట పంపుకుంటే ఆమె పిల్లలు ఇంకో పూట తింటారు. ఆమెకి దేశభక్తి పాఠం చెప్పే ముందు, బ్యాంకు రేటు అంత తక్కువలో ఎవరు కట్టేశారో వాళ్లనడగాలి. తలా పిడికెడు అనేస్తే పాపం మూటగట్టుకున్నవాడికి బాగా సుఖంగా ఉంటుంది.

జూన్ 27న ఇక అత్యవసర సేవలకి తప్ప జులై 10 దాకా ఎవరికీ పెట్రోలు, డీజిలు పోయరని చెప్పారు. అంబులెన్సుకి దొరుకుతుంది సరే, అందులో పనిచేసే నర్సు ఇంటి నుంచి ఆస్పత్రికి ఎలా రావాలో ఎవరూ ఆలోచించలేదు. మా దగ్గర బస్సులు సగం తగ్గిపోయి, వచ్చినవాళ్లు వచ్చినట్టు షిఫ్టులు కలిపేశారు. డాలర్లు సంపాదించి పెట్టేది మా బట్టల పరిశ్రమే, దాని జెనరేటర్లకి డీజిలు లేదు.

నావికుడు77
వనజ గారూ, చేతులెత్తి నమస్కారం. ఇదే అసలు సంగతి.

పల్లవి
కేరోసిన్ లేక పడవలు ఒడ్డునే ఉండిపోయాయని కూడా చదివాను, జాలర్ల గురించి ఎవరూ మాట్లాడరు.

సుధీర్_కె
నేను కొంచెం వేరేగా ఆలోచిస్తున్నాను, వనజ గారు బాధపడకపోతే చెబుతాను. జనం దాచుకోవడం గురించి కాదు నా మాట. ధర గురించి. దశాబ్దాలుగా అక్కడ ఏ ప్రభుత్వం వచ్చినా పెట్రోలు, డీజిలు, కరెంటు అసలు ఖర్చుకంటే తక్కువకి ఇస్తూ వచ్చింది. కరెంటు చార్జీ 2014లో తగ్గించాక 2022 ఆగస్టు దాకా పెంచనే లేదు, అప్పుడు ఒకేసారి 75 శాతం పెంచాల్సొచ్చింది. విద్యుత్ బోర్డు డీజిలు డబ్బులు సిలోన్ పెట్రోలియం కార్పొరేషన్‌కి ఇచ్చేది కాదు, కార్పొరేషన్ ప్రభుత్వ బ్యాంకుల దగ్గర డాలర్లలో అప్పు చేసేది, అది వందల కోట్ల డాలర్లకి చేరింది. ఈ గొలుసు గోటబయకంటే ముందు నుంచీ ఉంది.

2018లో మంగళ సమరవీర ఆర్థిక మంత్రిగా ఉండగా ధరల ఫార్ములా పెట్టారు, ప్రపంచ ధరను బట్టి నెలనెలా మార్చేది. అది సరైన పని. 2019లో ప్రభుత్వం మారగానే దాన్ని పక్కన పడేశారు. తర్వాత 2021 జూన్‌లో ఉదయ గమ్మన్‌పిల ఇంధన మంత్రిగా పెట్రోలు లీటరు 157కి పెంచితే ఏం జరిగిందో చూడండి. ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. అంతకంటే ఘోరం, అధికార పార్టీ ప్రధాన కార్యదర్శే ఆయన్ని రాజీనామా చేయమన్నాడు. డాలర్లు అయిపోతున్నాయి, వాడకం తగ్గించాలి అని చెప్పిన మంత్రిని అటూ ఇటూ కలిసి కొట్టారు. 2022 మార్చి మొదట్లో ఆయన్ని పదవి నుంచి తీసేశారు కూడా. ఆ మార్చిలోనే 254, ఏప్రిల్లో 338, మేలో 420, జూన్‌లో 470. ఏడాది ముందు నుంచీ కొంచెం కొంచెం పెంచుకుంటూ వస్తే జనం సర్దుకునేవాళ్లు, నిల్వలూ కొన్ని మిగిలేవి.

కాబట్టి నా జాబితాలో అప్పటి ప్రతిపక్షం కూడా ఉంటుంది. ధర పెంచినందుకు మంత్రి మీద అవిశ్వాసం పెట్టిన ప్రతి సభ్యుడూ ఉంటాడు.

వనజ
సుధీర్ గారూ, బాధేం లేదు, మీరన్నదాంట్లో నిజముంది. కానీ ధర పెంచితే ముందు ఎవరి మీద పడుతుందో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఒకే రేటు అందరికీ పెంచడం కూడా న్యాయం కాదు. పెద్ద కార్లు నింపుకునేవాళ్లకీ, పడవకి కేరోసిన్ పోసుకునేవాడికీ సబ్సిడీ ఒకేలా ఇచ్చారు ఇన్నాళ్లూ. లేనివాళ్లకి నేరుగా డబ్బు వేసి ధర పెంచి ఉంటే ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఏప్రిల్ 19న రంబుక్కన అనే ఊళ్లో ధర పెంచినందుకే జనం పట్టాల మీద కూర్చున్నారు, పోలీసులు కాల్చారు, ఒక మనిషి పోయాడు.

సుధీర్_కె
ఒప్పుకుంటాను. నేరుగా డబ్బు వేయడమే దారి.

శ్రీనివాస్_వి
క్యూలు చివరికి ఎలా తగ్గాయి? క్యూఆర్ కోడ్ పెట్టాక అని విన్నాను.

వనజ
అవునండీ, 2022 జులైలో ఫ్యూయల్ పాస్ అని తెచ్చారు, ఆగస్టు నుంచి దేశమంతా అదే. బండి నంబరుకి ఒక క్యూఆర్, వారానికి ఇంత అని కోటా. మొదట్లో బైకుకి 4 లీటర్లు, త్రీవీలర్‌కి 5, కారుకి 20. త్రీవీలర్ వాళ్లకి 5 లీటర్లు ఏ మూలకీ చాలవు, చాలా గొడవ పెట్టుకున్నారు, కానీ ఒకటి మాత్రం నిజం, నీ వాటా నీకుంది, ఇంకోడు పట్టుకుపోలేడు అని తెలిశాక రాత్రంతా నిలబడే పని తప్పింది. వారాల్లోనే క్యూలు చిన్నవయ్యాయి. చమురు ఒక్కసారిగా ఏం ఎక్కువ రాలేదు. ఉన్నదాన్ని పంచిన పద్ధతి మారింది. ఇదే పని ఫిబ్రవరిలో చేసి ఉంటే క్యూల్లో పోయిన ప్రాణాలు నిలిచేవి.

మోడరేటర్
సభ్యులకి మనవి. రెండు పోస్టులు తొలగించాను, ఒక మతాన్ని తిడుతూ రాశారు. విధానాల గురించి, నిర్ణయాల గురించి ఎంత ఘాటుగానైనా రాయండి.

కిరణ్_బాబు
సరే, చైనా ఒక్కటే కాదని ఒప్పుకుంటా. కానీ అప్పు చేసి రేవులు, ఎయిర్‌పోర్టులు కట్టింది కూడా అదే కుటుంబం కదా. అప్పుడు మహింద, తర్వాత గోటబయ, ఆర్థిక మంత్రి బాసిల్. ఒకే ఇంట్లోవాళ్లు. అడిగేవాడెవడు?

లెక్కలమాస్టారు
హరిత గారు మొదట్లో పేర్లు అడిగారు. పేర్లు మనం వెతుక్కోనక్కర్లేదు, శ్రీలంక సుప్రీం కోర్టే చెప్పింది. 2023 నవంబరు 14న అయిదుగురు జడ్జీల బెంచి నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపు తీర్పిచ్చింది. ఆర్థిక వ్యవస్థని ఇలా నడిపి ప్రజల ప్రాథమిక హక్కుల్ని ఉల్లంఘించారని, ప్రజలు పెట్టిన నమ్మకాన్ని వమ్ము చేశారని. గోటబయ, మహింద, బాసిల్, సెంట్రల్ బ్యాంకు మాజీ గవర్నర్లు ఇద్దరు అజిత్ నివార్డ్ కబ్రాల్, డబ్ల్యూ.డీ. లక్ష్మణ్, ఖజానా మాజీ కార్యదర్శి ఆటిగల, అధ్యక్షుడి కార్యదర్శిగా చేసిన పీ.బీ. జయసుందర, వీళ్లందరి పేర్లూ అందులో ఉన్నాయి. పన్నుల కోత, రూపాయిని కట్టేయడం, ఐఎంఎఫ్ దగ్గరికి ఆలస్యంగా వెళ్లడం, జనవరిలో బాండు చెల్లించడం, మనం పైన మాట్లాడుకున్నవన్నీ ఆ కేసులో ఉన్నవే.

నాకు అందులో అధికారుల పేర్లు ఉండటం ముఖ్యం అనిపించింది. నాయకుడు ఓట్ల కోసం ఏదో అంటాడు. పక్కనున్న చదువుకున్నవాడు, అంకెలు చేతిలో ఉన్నవాడు, కాదు సార్ ఇది కుదరదు అని రాతపూర్వకంగా చెప్పాలి. అందుకే కదా అతనికి ఆ కుర్చీ.

హరిత_ఆర్
మరి శిక్ష?

లెక్కలమాస్టారు
శిక్ష లేదండీ. అది ప్రాథమిక హక్కుల కేసు, క్రిమినల్ కేసు కాదు. కేసు వేసినవాళ్లు తమకి నష్టపరిహారం కావాలని అడగలేదు కూడా. ఖర్చుల కింద పిటిషనర్లకి లక్షన్నర రూపాయలు ఇమ్మన్నారు.

వనజ
లక్షన్నర శ్రీలంక రూపాయలు. జూన్ రేటు ప్రకారం మూడొందల లీటర్ల పెట్రోలు చిల్లర. ఒక దేశాన్ని నెలల తరబడి రోడ్డు మీద నిలబెట్టినందుకు.

నాకు తీర్పు వచ్చిన రోజు సంతోషమే కలిగింది, అబద్ధం చెప్పను. కనీసం ఎవరూ రేపు కరోనా వల్ల అయింది, యుద్ధం వల్ల అయింది అని పిల్లల పుస్తకాల్లో రాయలేరు. కానీ క్యూలో చనిపోయినవాళ్ల ఇళ్లకి ఎవరూ వెళ్లలేదు. వాళ్లకి ఇచ్చేదేమిటో ఏ కాగితంలోనూ లేదు.

శ్రీనివాస్_వి
యుద్ధం, కరోనా కారణాలు కావని నేను ఇప్పటికీ అనను. కానీ వాటిని తట్టుకునే శక్తి 2019 డిసెంబరులోనే తీసేశారన్న మాట కాదనలేను. రెండూ కలిపి రాయాలి.

సుధీర్_కె
ఇప్పుడేం మారింది మాస్టారూ? మళ్లీ ఎన్నికలొస్తే మళ్లీ పన్నులు కోసి, ధరలు దించి ఇదే కథ జరగదని ఏంటి?

లెక్కలమాస్టారు
కొన్ని మారాయి. 2023లో కొత్త సెంట్రల్ బ్యాంకు చట్టం వచ్చింది, ఆ సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఖర్చుకి సెంట్రల్ బ్యాంకు నేరుగా అప్పివ్వకూడదు, బిల్లులు వేలంలో కొనకూడదు. అంటే పన్ను కోస్తే ఆ ఖాళీ ఎక్కడినుంచి నింపుతావో ముందే చెప్పాలి. ఇంధన ధరలు మళ్లీ నెలనెలా సవరిస్తున్నారు. ఐఎంఎఫ్ 2023 మార్చిలో దాదాపు 300 కోట్ల డాలర్ల కార్యక్రమానికి ఒప్పుకుంది, దాని షరతుల్లో ఇవి ఉన్నాయి. షరతులు పెట్టినవాళ్లు వెళ్లిపోయాక కూడా ధర ఫార్ములా ఉంటుందా అన్నదే పరీక్ష. చట్టం చేసిన పార్లమెంటే ఇంకో చట్టంతో దాన్ని తీసేయగలదు, కాబట్టి గ్యారంటీ అని నేను చెప్పను.

నావికుడు77
ఒకటి అడుగుతాను. ధర పెంచిన మంత్రి మీద అవిశ్వాసం పెట్టే అలవాటు పోయిందా? అది పోనంతవరకు ఏ ఫార్ములా పెట్టినా ఏ మంత్రీ దాని జోలికి పోడు, ముందు తన సీటు చూసుకుంటాడు. వనజ గారన్నట్టు లేనివాళ్లకి డబ్బు నేరుగా వెళ్లే ఏర్పాటు గట్టిగా ఉంటేనే ధర మార్చే ధైర్యం ఎవరికైనా వస్తుంది. ముందు ఆ పని చేయాలి.

హరిత_ఆర్
నాకు కావాల్సిన జవాబు దొరికింది. నా వరుస ఇది. మొదట 2019 డిసెంబరు పన్నుల కోత మీద సంతకం పెట్టినవాళ్లు. రెండు, రూపాయిని 203 దగ్గర కట్టేసిన సెంట్రల్ బ్యాంకు, జనవరి బాండు చెల్లించినవాళ్లతో కలిపి. మూడు, నిజమైన ధర చెప్పిన మంత్రిని నోరు మూయించిన అధికార పక్షం, ప్రతిపక్షం. చైనాది, యుద్ధానిది ఆ తర్వాతే. క్యూలో నిలబడ్డవాళ్ల పేరు నా జాబితాలో లేదు. ఎవరికైనా ఈ వరుస తప్పనిపిస్తే చెప్పండి, ముఖ్యంగా రెండుకీ మూడుకీ మధ్య నాకే ఇంకా తేలలేదు.

సుధీర్_కె
నేనైతే మూడుని రెండో స్థానంలో పెడతాను. సెంట్రల్ బ్యాంకు గవర్నర్‌ని మార్చవచ్చు, 2022 ఏప్రిల్లో మార్చారు, కొత్తాయన వచ్చిన రెండో రోజే వడ్డీ రేటు ఒకేసారి 7 శాతం పాయింట్లు పెంచి పని మొదలుపెట్టాడు. పార్లమెంటు అలవాట్లు అలా ఒక్క రోజులో మారవు.

వనజ
నేను హరిత గారి వరుసతోనే ఉంటాను. అవిశ్వాసం పెట్టినవాళ్లు ఓడిపోయారు, ధర ఆ రోజు తగ్గలేదు. బాండు డబ్బు మాత్రం నిజంగా వెళ్లిపోయింది.